చర్చ: నాలుగు ముక్కల ట్రిక్కులు గిమ్మిక్కు సెట్టుతో మొదలుపెట్టాలా, మామూలు పేకతోనా?

గంటస్తంభం, విజయనగరం:
ప్యాకెట్ ట్రిక్కుల మీద, అంటే కొద్ది ముక్కలతోనే చేసే పేక మాయల మీద మనసు పడ్డవాళ్లు చాలామంది ముందు ఆన్‌లైన్లో సెట్టు తెప్పించేసుకుంటున్నారు. చిన్న ప్లాస్టిక్ పర్సు, అందులో నాలుగో ఎనిమిదో ముక్కలు, వాటిలో ఒకట్రెండు గిమ్మిక్కు ముక్కలు, అంటే రెండు వైపులా వీపే ఉన్నవో, రెండు వైపులా ముఖమే ఉన్నవో ఉంటాయి. ఇది తిరగేసిన దారి అంటాను. మామూలు పేకలోంచి తీసిన నాలుగు ముక్కలతో ఎల్మ్స్‌లీ కౌంట్ (నాలుగూ చూపినట్టే లెక్కపెడుతూ ఒకదాన్ని దాచే పద్ధతి) చేతికి రావాలి, సెట్టు ఆ తర్వాతే. ఎందుకంటే సెట్టుతో వచ్చే కాగితంలో కూడా చాలాసార్లు "ఇక్కడ ఎల్మ్స్‌లీ కౌంట్ చెయ్యాలి" అనే ఉంటుంది. మీరేమంటారు?

నాగావళి, శ్రీకాకుళం:
కౌంట్ రావాలనడంతో పేచీ లేదండి. అది వచ్చేదాకా సెట్టు ముట్టొద్దంటేనే పేచీ. నలుగురి ముందు నిలబడేలా కౌంట్ కుదరడానికి నెలలు పడుతుంది. ఈలోగా చూపించడానికి ఏమీ లేకపోతే ఉత్సాహం చచ్చిపోతుంది. రెండు వీపుల ముక్క ఒక్కటుంటే, దాన్ని తిరగేసినా వీపే కనపడుతుంది, చేతివాటం అక్కర్లేదు. పైగా కొన్ని మామూలు పేకతో రానే రావు. పీటర్ కేన్ అనే ఇంద్రజాలికుడి ఆలోచన నుంచి పుట్టిన వైల్డ్ కార్డ్ అనే ట్రిక్కు ఉంది కదా, ఒకేలాంటి ముక్కలు వరసగా వేరే ముక్కగా మారిపోతాయి. రెండు ముఖాల ముక్కలు లేకుండా దాన్ని అంత శుభ్రంగా ఎలా చేస్తారు?

గంటస్తంభం:
వైల్డ్ కార్డ్ విషయం ఒప్పుకుంటాను. నెలలు పట్టడానికి కారణం మాత్రం వేరు, చాలామంది వేగం మీద పడి పట్టు సంగతి వదిలేస్తారు.

నాలుగు ముక్కలు బోర్లా. కుడిచేతి బొటనవేలు పైన, చూపుడువేలు, మధ్యవేలు కింద, కుడివైపు పొడవంచుకి నడిమధ్యన పట్టుకోవాలి. ఒకటి అన్నప్పుడు ఎడమ బొటనవేలు పై ముక్కను ఎడమచేతిలోకి లాక్కుంటుంది. రెండు దగ్గరే అసలు పని: కుడి బొటనవేలు పై రెండు ముక్కల్ని ఒక్కటిగా ఎడమకు నెడుతుంది, కింది వేళ్లు అడుగు ముక్కను ఆపి ఉంచుతాయి. ఆ జంట ఎడమచేతిలోకి వెళ్లే క్షణంలోనే, మొదట తీసుకున్న ముక్క కుడిచేతిలో మిగిలినదాని కిందికి చేరుతుంది. ఆ రెంటినీ మూడు, నాలుగు అని ఒక్కొక్కటే ఎడమచేతి ముక్కల మీదికి తీసుకోవాలి. నాలుగూ చూపినట్టే ఉంటుంది గాని, మూడో ముక్క కనపడదు, మొదటిది రెండుసార్లు కనపడుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే పైనుంచి మూడో ముక్కను వెల్లకిలా పెట్టి లెక్కపెట్టండి. నాలుగు వీపులే కనపడాలి, ఆ ముక్క అడుక్కి చేరాలి. మళ్లీ లెక్కపెడితే మూడు అన్నప్పుడు బయటపడి రెండో చోటికి వస్తుంది. ఇంకోసారి లెక్కపెడితే రెండు అన్నప్పుడు కనపడి మూడో చోటికి పోతుంది. నాలుగోసారి మళ్లీ మాయం. పై ముక్క ఎప్పుడూ కదలదు. ఈ తిరుగుడు బుర్రలో ఉంటే ఏ ముక్క ఎక్కడుందో తడుముకోనక్కర్లేదు. 1960లో అచ్చయిన, ఇంద్రజాలికుడు డై వెర్నన్ ట్రిక్కు ట్విస్టింగ్ ది ఏసెస్ ఈ కౌంట్ మీదే నడుస్తుంది. ఆసులు ఒక్కొక్కటే వాటంతటవే తిరిగి వెల్లకిలా కనపడతాయి, అందులో గిమ్మిక్కు ఒక్కటీ లేదు.

వంశధార:
జంట విడిపోతోందంటే వేళ్లనే తప్పుపట్టకండి, ముక్కల్నీ చూడండి. రమ్మీకి వాడే పూర్తి ప్లాస్టిక్ ముక్కలు మరీ జారుడు, బొటనవేలు నెట్టగానే పైది ఒక్కటే వెళ్లి రెండోది అంచు బయటపెడుతుంది. నలిగి మురికిపట్టిన కాగితం ముక్కలైతే అతుక్కుని మూడూ కలిసి వచ్చేస్తాయి. మన తీరం వైపు వానాకాలంలో ముక్క తేమ పీల్చి వంగుతుంది కూడా. కాస్త వాడిన, బైసికిల్ బ్రాండు లాంటి కాగితం పేక కుదురుగా ఉంటుంది. చేతులు కడుక్కుని తుడుచుకుని పట్టండి, ముఖానికి రాసుకునే పౌడరు మాత్రం వద్దు, చెమటతో కలిసి ముద్దకడుతుంది.

సెట్టుకి ఇంకో చిక్కు ఉంది. పోకర్ సైజు ముక్క 63 మిల్లీమీటర్ల వెడల్పు, బ్రిడ్జ్ సైజు 57. సెట్టు ఒక సైజు, ఇంట్లో పేక ఇంకో సైజు అయితే రెంటినీ కలపలేరు. సైజు కలిసినా, సెట్టు వాడివాడి మాసిపోయాక కొత్త పేక పక్కన రంగు తేడా తెలిసిపోతుంది.

బొబ్బిలి వీణ:
ఎక్కడ చూపిస్తున్నామన్నది ఎవరూ అడగలేదు. పెళ్లి విడిదిలో పిల్లలు చాపమీద కూర్చుంటే వాళ్ల కళ్లు మన చేతులకంటే కింద ఉంటాయి, రెండో లెక్కలో ముక్క కిందికి జారడం వాళ్లకి తెలిసిపోతుంది. మనమూ కూర్చోవాలి, లేదా ముక్కల ముందు అంచు వాళ్లవైపు కిందికి వంచాలి. దగ్గరగా ఐదారుగురు ఉంటేనే ఈ ట్రిక్కులు, పందిరంతా చూడాలంటే పని జరగదు.

ఇక సంక్రాంతి నాడు పేక పట్టిన మావయ్యల ముందు సెట్టు తీశామా, "ఏదీ, ఇలా ఇయ్" అని చెయ్యి చాపుతారు. రోజూ పదమూడు ముక్కలు సర్దేవాళ్లు, అంచు మందం ఇట్టే పసిగడతారు. పర్సులోంచి నాలుగే ముక్కలు తీస్తే అవి ప్రత్యేకం అని మనమే చెప్పినట్టు. వాళ్ల పేకలోంచే నాలుగు ఆసులు ఏరి చేస్తే అడగడానికి ఏమీ మిగలదు.

నాగావళి:
దానికి దారి ఉంది. పని అయ్యాక రెండు వీపుల ముక్కను బోర్లా ఉన్న పేకమీద పడేస్తే కలిసిపోతుంది. కాకపోతే అది ఆ పేక వీపుతో సరిపోవాలి, వంశధార గారు చెప్పిందీ అదే. అందుకే పూర్తి సెట్టు కాకుండా, రోజూ వాడే పేక కంపెనీదే, అదే రంగుది, రెండు వీపుల ముక్క ఒక్కటి కొనమంటాను. ఆసులన్నీ మామూలువే, చివర్లో చేతికిచ్చెయ్యొచ్చు.

గంటస్తంభం:
ఒక్క ముక్కకి నాకు అభ్యంతరం లేదు. అయితే దాన్ని పేకమీదికి పడేసే కదలిక కూడా చేతివాటమే, దానికీ సాధన కావాలి. మావయ్యల పేక ముందు అదీ పనికిరాదు, ఆ పేక మనది కాదు కదా. అందుకే కొత్తవాళ్లకి సెట్టు కొనమని ఇప్పటికీ చెప్పను.

బొబ్బిలి వీణ:
కౌంట్ చేసేటప్పుడు పైకి "ఒకటి, రెండు" అని లెక్కపెట్టకండి. నోటితో లెక్కిస్తే చూసేవాళ్లూ లెక్కపెడతారు, రెండో దగ్గర చప్పుడు తేడా పట్టేస్తారు. ఫోను ఎదురుగా పెట్టి వీడియో తీసుకుని, కళ్లు మూసుకుని వినండి. నాలుగు చప్పుళ్లూ ఒకేలా వినపడ్డాకే ఎదుటివాళ్ల ముందు చెయ్యండి.