తిమోతిని వాళ్లమ్మ ఎలా పంపింది? సండే స్కూల్ పాఠానికి సాయం కావాలి

ప్రశ్న

అందరికీ వందనాలు. నేను సండే స్కూల్లో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు పాఠం చెబుతాను. మొన్న బైబిల్లో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం మొదలుపెట్టాం. పౌలు, సీల లుస్త్రకు వస్తారు, తిమోతిని వెంట తీసుకెళ్తారు. మూడు వచనాలేగా, పది నిమిషాల్లో ముగించి ఫిలిప్పీకి వెళ్లిపోవచ్చనుకున్నాను.

ఒకమ్మాయి చెయ్యెత్తింది. "టీచర్, పౌలును రాళ్లతో కొట్టి, చచ్చిపోయాడనుకుని బయటికి ఈడ్చేసింది ఈ ఊళ్లోనే కదా? ఆయనే మళ్లీ వచ్చి మీ అబ్బాయిని నాతో పంపండి అంటే వాళ్లమ్మ ఎలా పంపింది?"

నాకు నోట మాట రాలేదు. నాకూ ఆ వయసు కొడుకున్నాడు. రాత్రి కూర్చుని 14వ అధ్యాయం నుంచి మళ్లీ చదివాను. తల్లి విశ్వసించిన యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. అంతకు మించి ఆ పుస్తకం రాసిన లూకా ఆవిడ గురించి ఒక్క ముక్క రాయలేదు. లేనిది కల్పించి చెప్పడం నాకిష్టం లేదు. మరి ఆ పిల్లకు ఏం చెప్పాలి? వెంట తీసుకెళ్లేముందు పౌలు తిమోతికి సున్నతి చేయించాడు కదా, దాని గురించి కూడా అడుగుతారని కొంచెం టెన్షన్‌గా ఉంది.

జవాబు

అమ్మా, వందనాలు. ఆ పాప సరైన చోటే ఆగింది. రాళ్లు పడిన రోజును ఇంకొంచెం దగ్గరగా చూడండి. శిష్యులు చుట్టూ నిలబడితే పౌలు లేచి మళ్లీ ఊళ్లోకే వెళ్లాడు. మర్నాడు బర్నబాతో దెర్బేకు బయలుదేరాడు. అక్కడి పని అయ్యాక ఇంకో దారి చూసుకోలేదు, వచ్చిన దారినే లుస్త్ర, ఈకొనియ, అంతియొకయ మీదుగా తిరిగొచ్చాడు. అనేక శ్రమలు పడకుండా దేవుని రాజ్యంలో ప్రవేశించలేమని అప్పుడే చెప్పాడు. దెబ్బలు తిన్న మనిషి ఆ మాట చెబితే వినేవాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

తిమోతి ఆ శిష్యుల గుంపులో ఉన్నాడని వాక్యం చెప్పదు. కానీ ఆ మూడు ఊళ్లలో నేను పడ్డవన్నీ నీకు తెలుసు అని పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో, అంటే ఉత్తరంలో, అతనికే చెప్పాడు. అంటే ఏమీ తెలియక వెళ్లిన కుర్రాడు కాదు. లుస్త్రలోనే కాదు, ఈకొనియలోని సహోదరులు కూడా అతని గురించి మంచి సాక్ష్యం చెప్పారు. ఇప్పటి టర్కీలోని కొన్యాయే ఆ ఈకొనియ. లుస్త్ర దానికి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్లు. ఒక రోజు నడక. పొరుగూరి సంఘానికి కూడా తెలిసిన పిల్లవాడంటే, పౌలు పిలవకముందే ఏదో పనిలో తిరుగుతూ ఉన్నాడని నేననుకుంటాను.

జవాబు

సిస్టర్, సున్నతి విషయం దాటేయకండి, పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పండి. అన్యజనులకు, అంటే యూదులు కానివాళ్లకు, సున్నతి అక్కర్లేదని యెరూషలేములో తేల్చిన నిర్ణయాన్ని ఊరూరా అందిస్తూ పౌలు ఇతనికి సున్నతి చేయించాడు. పైకి విరుద్ధంగా కనిపిస్తుంది. పౌలుతో పనిచేసిన తీతు గ్రీసు దేశస్థుడు, అతని విషయంలో ఎంత ఒత్తిడి వచ్చినా పౌలు ఒప్పుకోలేదు, ఎందుకంటే అక్కడ పట్టుబట్టినవాళ్లు సువార్తనే మార్చబోయారు. తిమోతి తల్లి యూదురాలు. పౌలు ఏ ఊరెళ్లినా సాధారణంగా ముందు అడుగుపెట్టేది యూదులు ఆరాధనకు చేరే సమాజమందిరంలో. తండ్రి గ్రీసు దేశస్థుడని ఆ ప్రాంతపు యూదులందరికీ తెలుసు. వాళ్లు తలుపు వేసేయకూడదని చేసిన పని ఇది, రక్షణ కోసం కాదు.

పెద్దయ్యాక చేయించుకుంటే ఎంత నొప్పో ఆదికాండంలో షెకెము మనుషుల సంగతి చదివితే తెలుస్తుంది, మూడో రోజుకు కూడా బాధపడుతూనే ఉన్నారు. ఎదుటివాళ్లు మాట వినాలని తిమోతి దానికి ఒప్పుకున్నాడు.

జవాబు

ఒక్క మాట. దయచేసి అతన్ని భయమంటే తెలియని వీరుడిగా చూపించకండి. అతను మీ దగ్గర నిర్భయంగా ఉండేలా చూడండి, ఎవరూ చులకన చేయకండి అని పౌలు కొరింథు సంఘానికి ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. కడుపు బలహీనం, తరచూ జబ్బు. కన్నీళ్లు పెట్టుకున్న సంగతి కూడా పత్రికలోనే ఉంది. తిమోతిని పిలవడానికి కొద్ది రోజుల ముందే, మొదటి ప్రయాణంలో పంఫూలియాలో తమను వదిలి వెళ్లిపోయిన మార్కును మళ్లీ తీసుకెళ్లాలా వద్దా అని పౌలు, బర్నబా తగువుపడి విడిపోయారు. అలాంటి సమయంలో ఇంకో కుర్రాణ్ణి నమ్మడం పౌలుకూ చిన్న విషయం కాదు. భయపడే పిల్లలు మీ క్లాసులోనూ ఉంటారు, వాళ్లకిది చెప్పండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ చాలా థాంక్స్. మీవి చదివాక రెండో తిమోతి పత్రిక ఒకే బిగిన చదివేశాను. తల్లి పేరు యునీకే, అవ్వ పేరు లోయి. కార్యముల్లో లేని ఈ పేర్లు పౌలుకు చెరసాల్లో సంకెళ్లతో ఉన్నప్పుడు కూడా గుర్తున్నాయి. చిన్నప్పటి నుంచి అతనికి లేఖనాలు తెలుసని కూడా అక్కడే ఉంది. ఆవిడ ఎలా పంపిందో నాకింకా తెలియదు, ఆ అమ్మాయితో అదే చెబుతాను. ఏ ఇంటి నుంచి పంపిందో మాత్రం చూపించగలను.

చివరి అధ్యాయంలో పౌలు అంగీ అడుగుతాడు కదా, త్రోయలో కర్పు దగ్గర వదిలేసి వచ్చాను, చలికాలం రాకముందే నువ్వొచ్చేటప్పుడు తీసుకురా అని. లుస్త్ర నుంచి బయలుదేరాక వాళ్లు మొదట సముద్రం ఒడ్డుకు చేరింది ఆ త్రోయలోనే. ఈసారి క్లాసుకు మ్యాప్ తీసుకెళ్లి ఆ రెండు ఊళ్ల మధ్య గీత పిల్లల చేతే గీయిస్తాను.