పెంట్రిచ్ తిరుగుబాటు: కోర్టులో వేగు ఆలివర్ పేరు ఎందుకు రాలేదు?

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. ఇంగ్లండ్ పారిశ్రామిక విప్లవం పాఠం దగ్గర ఒక విషయం నన్ను వదలడం లేదు. తెలిసినవాళ్లు సాయం చేయండి.

1817 జూన్ 9 రాత్రి డెర్బీషైర్‌లోని పెంట్రిచ్ చుట్టుపక్కల నుంచి రెండు మూడు వందల మంది నాటింగ్‌హామ్ వైపు బయల్దేరారు. మేజోళ్లు నేసేవాళ్లు, క్వారీ కూలీలు, ఇనుము పనివాళ్లు. పని లేదు, రొట్టె ధర మండిపోతోంది. దేశమంతా లేస్తోందని, లండన్‌లో వేలమంది సిద్ధంగా ఉన్నారని వాళ్లను నమ్మించిన వాళ్లలో ఆలివర్ ఒకడు. అతను హోం మంత్రి లార్డ్ సిడ్మత్ శాఖకు పనిచేసే వేగు. వానలో తడుస్తూ వెళ్లిన ఆ జనం గుర్రపు సైనికులను చూసి చెల్లాచెదురయ్యారు. వాళ్లను నడిపించిన బ్రాండ్రెత్‌ను, అతనితో ముందున్న టర్నర్, లడ్లమ్‌లను రాజద్రోహం నేరం కింద నవంబర్ 7న డెర్బీలో ఉరితీశారు. మరో 14 మందిని ఆస్ట్రేలియా పంపేశారు.

జూన్‌లోనే లీడ్స్ మెర్క్యురీ పత్రిక ఆలివర్ గుట్టు బయటపెట్టింది. అయినా అక్టోబర్ విచారణలో ప్రభుత్వం అతన్ని సాక్షిగా పిలవలేదు. అది అర్థమవుతుంది. కానీ నిందితుల లాయర్లు కూడా అతని ఊసు ఎందుకు ఎత్తలేదు? వేగు రెచ్చగొట్టినా రాజద్రోహం రాజద్రోహమే అన్న చట్టం వల్లా? నాకైతే ఇదే అసలు అన్యాయం అనిపిస్తుంది.

ఇంకొకటి, లండన్‌లోని క్యూ (Kew) అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న హోం శాఖ ఉత్తరాలను ఇక్కడి నుంచి చదివే దారి ఉందా? చూసినవాళ్లుంటే ఏ కట్టతో మొదలుపెట్టాలో చెప్పండి.