అఫెన్సివ్ లైన్‌ను డ్రాఫ్టుతోనే తిరిగి కట్టుకోవచ్చా? డాలస్ కౌబాయ్స్ గురించి ఒక సందేహం

ప్రశ్న: మిర్యాలగూడ వాసి

సభ్యులందరికీ నమస్కారం. మా అక్కాబావలు డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో స్థిరపడినప్పటి నుంచి మా ఇంట్లో క్రికెట్‌తో పాటు అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం కూడా అలవాటయింది. 2025 ఏప్రిల్‌లో డ్రాఫ్టు మొదటి రౌండ్ మనకు శుక్రవారం తెల్లవారి అయిదున్నరకు మొదలైంది. బంతి పట్టుకుని పరుగెత్తేవాడినో, పాస్ అందుకునేవాడినో తీసుకుంటారని ఎదురుచూస్తూ కూర్చుంటే, కౌబాయ్స్ 12వ స్థానంలో టైలర్ బుకర్ అనే గార్డ్‌ను ఎంచుకున్నారు. అంతకుముందు 2022లో 24వ స్థానంలో టైలర్ స్మిత్‌ను, 2024లో 29వ స్థానంలో టైలర్ గైటన్‌ను తీసుకున్నారు. ముగ్గురి పేర్లూ టైలరే, ముగ్గురూ లైన్‌మెన్లే.

కొత్తగా చూస్తున్నవారి కోసం రెండు మాటలు. బంతిని అందుకుని పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు వరుసగా నిలబడి అతన్ని కాపాడే అయిదుగురే అఫెన్సివ్ లైన్. మధ్యలో సెంటర్, అతనికి ఇరుపక్కలా గార్డ్‌లు, చివరలలో టాకిల్‌లు ఉంటారు. 32 జట్లున్న లీగులో కాలేజీ ఆటగాళ్లను ఏడు రౌండ్లలో పంచుకోవడాన్నే డ్రాఫ్టు అంటారు. కిందటి ఏడాది బాగా ఓడిన జట్టుకు ముందు అవకాశం వస్తుంది.

లైన్ గట్టిగా ఉంటేనే మిగతావాళ్లు ఆడగలరని మా బావ అంటారు. ఆ మాటను నేను కాదనను. నా సందేహం వేరు. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలతో, అదీ ఏడాదికొకరిని చేర్చుకుంటూ, ఒక లైన్‌ను కట్టడం అయ్యే పనేనా? అనుభవం ఉన్నవారిని డబ్బు పెట్టి తెచ్చుకోవడం మేలు కాదా?

సమాధానం: దేవరకొండ నుంచి ఫ్రిస్కో

మిర్యాలగూడ మిత్రులకు నమస్కారం. కౌబాయ్స్ ఈ పనికి పూనుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి ఎలా చేశారో చూస్తే మీ ప్రశ్నకు చాలా వరకు జవాబు దొరుకుతుంది.

2011లో 9వ స్థానంలో టైరన్ స్మిత్‌ను, 2013లో 31వ స్థానంలో సెంటర్ ట్రావిస్ ఫ్రెడరిక్‌ను, 2014లో 16వ స్థానంలో జాక్ మార్టిన్‌ను తీసుకున్నారు. 2014లో అందరి చూపూ జానీ మాంజియెల్ అనే క్వార్టర్‌బ్యాక్ మీద ఉండేది. జట్టు యజమాని జెర్రీ జోన్స్ కూడా అతని వైపే మొగ్గారు, కానీ చివరికి చుట్టూ ఉన్నవారి మాట నెగ్గింది. క్లీవ్‌లాండ్‌కు వెళ్లిన మాంజియెల్ రెండు సీజన్లకే లీగు నుంచి నిష్క్రమించాడు. మార్టిన్ మాత్రం డాలస్‌లోనే ఆడి 2025 ఆరంభంలో విరమించుకున్నాడు. ఆ లైన్ వెనక 2014లో డిమార్కో ముర్రే 1,845 గజాలు పరుగెత్తి లీగులో మొదటివాడుగా నిలిచాడు. 2016లో ఎజెకియెల్ ఎలియట్ తొలి ఏడాదే 1,631 గజాలు సాధించాడు. నాలుగో రౌండులో వచ్చిన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ అదే ఏడాది 13 విజయాలు తెచ్చాడు.

ఇందులో నాకు అన్నింటికన్నా ఆసక్తిగా తోచేది 2013 నాటి బేరం. కౌబాయ్స్‌ది అసలు 18వ స్థానం. దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇచ్చి 31వ స్థానాన్ని, దానితో పాటు మూడో రౌండులో 74వ స్థానాన్ని పుచ్చుకున్నారు. సెంటర్ కోసం మొదటి రౌండ్ ఖర్చు చేయడమేమిటని అప్పట్లో చాలామంది ఎగతాళి చేశారు, కానీ ఆ సెంటరే ఏళ్ల తరబడి లైన్‌కు నడుమై నిలిచాడు. 2024లోనూ అదే కిటుకు వాడారు. 24వ స్థానాన్ని డెట్రాయిట్‌కు ఇచ్చి 29, 73 స్థానాలు తీసుకున్నారు. 29తో గైటన్, 73తో కూపర్ బీబీ వచ్చారు. అంటే ఒక్క ఎంపికను రెండుగా చీల్చి, ఒక టాకిల్‌ను, ఒక సెంటర్‌ను తెచ్చుకున్నారన్నమాట. మీరు టైలర్‌ల లెక్క చూశారు గానీ, ఈ బీబీని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2014 నాటి లైన్‌లో అయిదుగురిలో ముగ్గురే మొదటి రౌండ్ వాళ్లు. కుడి టాకిల్ డగ్ ఫ్రీ 2007లో నాలుగో రౌండులో వచ్చినవాడు, ఎడమ గార్డ్ రొనాల్డ్ లియరీని డ్రాఫ్టులో ఎవరూ తీసుకోనే లేదు. 2025 నాటి కుడి టాకిల్ టెరెన్స్ స్టీల్ కూడా 2020లో అలా మిగిలిపోయి వచ్చినవాడే.

ఇక ఇలా కట్టినది ఎలా కరుగుతుందో చూడండి. ఫ్రెడరిక్ గిలాన్‌బారే అనే నరాల జబ్బుతో 2018 సీజన్ మొత్తం ఆడలేదు. బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే దాన్ని సాక్ అంటారు. ప్రెస్కాట్‌కు 2016లో 25 సాక్‌లు పడితే, 2018లో 56 పడ్డాయి. ఆ ఏడు లైన్‌లో వేరే మార్పులు కూడా జరిగాయి కాబట్టి మొత్తం నెపం సెంటర్ లేకపోవడం మీదే వేయలేము. అయినా ఆ అంకె చూసినవారెవరూ సెంటర్ పనిని తేలికగా తీసుకోరు.

సమాధానం: పాలమూరు పీఈటీ

నేను పాఠశాలలో కబడ్డీ నేర్పే మాస్టారిని. ఈ ఆటను ఆ కళ్లతోనే చూస్తాను కనుక ఒక్క దృశ్యాన్ని దగ్గరగా వివరిస్తాను.

ప్రత్యర్థి లైన్‌లో చివరన ఉన్నవాడు ఉన్నట్టుండి లోపలికి దూసుకువచ్చి మన గార్డ్ భుజాన్ని ఢీకొడతాడు. అదే క్షణంలో లోపల ఉన్నవాడు అతని వెనక నుంచి చుట్టు తిరిగి బయటికి పోతాడు. దీన్ని స్టంట్ అంటారు. మన టాకిల్ తన మనిషి వెంటే లోపలికి వెళ్లాడో, బయటి దారి బార్లా తెరుచుకుంటుంది. అతను తన మనిషిని గార్డ్‌కు అప్పగించి, తాను నిలిచిన చోటే నిలిచి, చుట్టు తిరిగి వచ్చేవాడి ఛాతీ మీద రెండు అరచేతులూ ఆనించాలి. గార్డ్ కూడా తన మనిషిని వదిలి, వచ్చినవాడిని అందుకోవాలి. ఇదంతా రెండు, మూడు సెకన్లలో, పక్కవాడి ముఖం చూసే వీలు లేకుండా జరిగిపోవాలి. మన కబడ్డీలో కార్నర్ చీలమండ పట్టుకున్న మరుక్షణమే కవర్ వచ్చి మీద పడకపోతే రైడర్ వాడిని ఈడ్చుకుంటూ గీత దాటేస్తాడు. ఇక్కడ కూడా పట్టు ఎంత గట్టిదైనా, పక్కవాడు అందిరాకపోతే వృథాయే.

అందుకే వేర్వేరు ఏళ్లలో వచ్చిన అయిదుగురు ఎంత గొప్పవారైనా వెంటనే లైన్ అయిపోరు. పైగా వాళ్లను కలిపి నలగ్గొట్టే సమయం ఇప్పుడు తక్కువ. లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఒప్పందంతో సీజన్‌లో ప్యాడ్‌లు కట్టుకుని చేసే సాధనను 14 సార్లకు పరిమితం చేశారు. కాలేజీలలోనేమో చాలా జట్లు బంతిని క్షణంలో వదిలేసే పద్ధతి ఆడతాయి గనుక, ఆ కుర్రాళ్లు చెయ్యి నేలకు ఆనించి లేచే భంగిమకు, ఎక్కువసేపు ఎదురొడ్డి నిలిచే పనికి కొత్తవారుగానే వస్తారు. గైటన్ సంగతే చూడండి. ఓక్లహోమాలో ఎక్కువగా కుడివైపు ఆడినవాణ్ని ఇక్కడ ఎడమకు మార్చారు. అడుగు వేసే కాలు మారుతుంది, నెట్టే చెయ్యి మారుతుంది. మా పిల్లల్లో కుడి కార్నర్‌ను ఎడమకు మారిస్తే కుదురుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలుసు కాబట్టి, అతని తొలి ఏడాది చూసి తీర్పు చెప్పేవారితో నేను ఏకీభవించను.

నేర్పేవాడు మంచివాడైతే ఎంపిక స్థానం పెద్ద విషయం కాదనడానికి ఫిలడెల్ఫియా చాలు. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడుతూ, ఈ ఆట ఒక్కసారి కూడా ఆడని జోర్డన్ మైలాటాను 2018లో ఏడో రౌండులో 233వ స్థానంలో తీసుకున్నారు. శిక్షకుడు జెఫ్ స్టౌట్‌ల్యాండ్ అతన్ని ఎడమ టాకిల్‌గా తీర్చిదిద్దాడు. 2025 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీని 40–22తో ఓడించి లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన లైన్‌లో అతనే ఎడమ చివర.

సమాధానం: నల్లగొండ ఆడిటర్

డబ్బు పెట్టి తెచ్చుకోవడం మేలు కాదా అని అడిగారు కనుక ఆ లెక్క నేను చెబుతాను. 2025లో ఒక్కో జట్టు జీతాలకు పరిమితి 27.92 కోట్ల డాలర్లు. దాన్ని మించడానికి వీలు లేదు. డ్రాఫ్టులో వచ్చినవాడి జీతం అతని స్థానాన్ని బట్టి దాదాపు ముందే ఖరారవుతుంది, ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండ్ వాడైతే అయిదో ఏడు కూడా ఉంచుకునే హక్కు జట్టుకు ఉంటుంది. బాగా ఆడే లైన్‌మన్ నాలుగేళ్లు చవకగా దొరకడమంటే, మిగిలిన సొమ్ము వేరే చోట ఖర్చు పెట్టుకోవచ్చని అర్థం.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ అయిదో ఏటి జీతాన్ని లెక్కగట్టేటప్పుడు లైన్‌మెన్ అందరినీ ఒకే గాటన కడతారు. మామూలు బజారులో గార్డ్ కంటే టాకిల్‌కు ధర ఎక్కువ గనుక, మొదటి రౌండులో వచ్చిన గార్డ్‌కు ఆ ఏడాది టాకిల్‌ల లెక్కన చెల్లించవలసి వస్తుంది. బుకర్ విషయంలో నాకున్న అభ్యంతరం ఇదొక్కటే. ఆట విషయంలో కాదు.

ఏడాదికొకరిని చేర్చుకోవడం మీకు లోపంగా కనిపించింది. నాకు అదే గుణంగా కనిపిస్తోంది. టైలర్ స్మిత్ డ్రాఫ్టు ఒప్పందం 2022ది, గైటన్, బీబీలవి 2024వి, బుకర్‌ది 2025ది. గడువులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అన్నీ ఒకేసారి ముగిస్తే ఏమవుతుందో కాన్సస్ సిటీలో చూశాం. 2021 ఫిబ్రవరిలో టాకిల్‌లు ఇద్దరూ గాయపడి లేని వేళ సూపర్ బౌల్‌లో 31–9తో ఓడిన ఆ జట్టు, నెలల వ్యవధిలో లైన్ మొత్తాన్ని మార్చేసింది. జో థూనీని డబ్బుతో, ఆర్లాండో బ్రౌన్‌ను మారకంతో, క్రీడ్ హంఫ్రీని రెండో రౌండులో, ట్రే స్మిత్‌ను ఆరో రౌండులో తెచ్చుకుంది. ఫలితం వచ్చింది. 2022 సీజన్‌లో 70 సాక్‌లు చేసిన ఫిలడెల్ఫియాకు ఆ సీజన్ సూపర్ బౌల్‌లో ఒక్కటి కూడా ఇవ్వలేదు. కానీ హంఫ్రీకి 2024లో పెద్ద ఒప్పందం, ట్రే స్మిత్‌కు 2025లో ఫ్రాంచైజ్ ట్యాగ్ (గడువు తీరినవాణ్ని పెద్ద జీతంతో ఇంకో ఏడాది ఉంచుకునే హక్కు) ఇచ్చేసరికి, థూనీని ఆ మార్చిలోనే షికాగోకు సాగనంపారు. తొందరగా కట్టాలంటే మీరన్న దారే సరైనది. అప్పు తీర్చే రోజు కూడా అంతే తొందరగా వస్తుంది.

సమాధానం: సూర్యాపేట నుంచి

అందరూ ఒకే రాగం ఆలపిస్తున్నారు, నేను కొంచెం అడ్డం పడతాను. 2021లో సిన్సినాటి ముందు రెండు దారులు ఉన్నాయి: టాకిల్ పెనీ స్యూవెల్, పాస్ అందుకునే రిసీవర్ జమార్ చేజ్. అంతకుముందు ఏడాది వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు దెబ్బతిని ఉంది. బుద్ధున్నవాడెవడైనా టాకిల్‌నే తీసుకుంటాడన్నారు. వాళ్లు చేజ్‌ను తీసుకున్నారు, ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ దాకా వెళ్లారు. అక్కడ బరోకు 7 సాక్‌లు పడి 23–20తో ఓడిన మాట నిజమే, కానీ చేజ్ లేకుండా ఆ మైదానం మెట్లెక్కేవారా?

పైగా లైన్‌మన్ అనగానే భద్రమైన ఎంపిక అనుకోవడం కూడా భ్రమే. 2013లో మొదటి నాలుగు స్థానాల్లో ముగ్గురు టాకిల్‌లు వెళ్లారు. ఎరిక్ ఫిషర్ ఫరవాలేదనిపించాడు, లేన్ జాన్సన్ మేటి అయ్యాడు, రెండో స్థానంలో వెళ్లిన లూక్ జోకెల్ నిలదొక్కుకోలేకపోయాడు. మరుసటి ఏడాది రెండో స్థానంలో వెళ్లిన గ్రెగ్ రాబిన్సన్‌దీ అదే దారి.

దేవరకొండ నుంచి ఫ్రిస్కో

సూర్యాపేట మిత్రులు చెప్పినదాన్ని ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. స్యూవెల్‌ను 7వ స్థానంలో తీసుకున్న డెట్రాయిట్‌ను కూడా చూడాలి. అక్కడ అప్పటికే 2016లో వచ్చిన టేలర్ డెకర్, 2018లో వచ్చిన ఫ్రాంక్ రాగ్నో ఉన్నారు, ఇద్దరూ మొదటి రౌండ్ వాళ్లే. స్యూవెల్ అలాంటి లైన్‌లో కుదురుకున్నాడు. 2023లో ఆ జట్టు 12 విజయాలతో సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. పక్కన ఎవరున్నారన్నది కూడా ఎంపికలో భాగమే.

మిర్యాలగూడ వాసి

అందరికీ కృతజ్ఞతలు. గడువుల లెక్క నాకు బాగా నచ్చింది. అయితే ఇప్పుడు అయిదు స్థానాలూ నిండాయి కదా, ఇక మీదట డ్రాఫ్టులో లైన్ వైపు చూడనక్కరలేదా?

పాలమూరు పీఈటీ

నిండినప్పుడే చూడాలి సార్. ఫిలడెల్ఫియా సెంటర్ జేసన్ కెల్సీ ఇంకా బాగా ఆడుతుండగానే 2022లో రెండో రౌండులో క్యామ్ జర్గెన్స్‌ను తీసుకున్నారు. 2023లో అతన్ని పక్కనే గార్డ్‌గా ఆడించారు. కెల్సీ 2024 మార్చిలో విరమించుకున్నాక అతను ఒక అడుగు పక్కకు జరిగి సెంటర్ అయ్యాడు, అంతే.

కౌబాయ్స్‌కు ఇప్పుడు అలాంటి అవసరం కుడి చివరన ఉంది. స్టీల్ తర్వాత ఎవరన్నది తేలలేదు. 2025 డ్రాఫ్టులోనే ఆరో రౌండులో ఒరెగాన్ నుంచి కుడి టాకిల్ అజానీ కార్నీలియస్‌ను తెచ్చారు. అది చాలదు. ఆ తర్వాతి డ్రాఫ్టులో మూడో రౌండులోనో నాలుగో రౌండులోనో ఇంకొకరిని తీసుకోవాలని నా అభిప్రాయం. ఆగస్టులో ప్రీసీజన్ మ్యాచులు చూసే ఓపిక ఉంటే, ముఖ్యులు బెంచీ ఎక్కాక రెండో సగంలో ఆ చివరన ఎవరిని నిలబెడుతున్నారో గమనించి ఇక్కడ రాయండి.