అప్‌డేట్: చెక్క ఫ్లోరింగ్ మీద ఫుటాన్ అడుగున తడి, పరిష్కారం దొరికింది

టోక్యోలో ఆరు తతామీల గది (తతామీ అంటే జపాన్ గడ్డి చాప, గది వైశాల్యం దాంతోనే కొలుస్తారు). చెక్క నేల మీద పరిచిన ఫుటాన్ (జపాన్‌లో నేల మీద పరుచుకునే మడత పరుపు) అడుగున తెల్లారేసరికి తడి ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఒంటి నుంచి వచ్చే ఆవిరి పరుపులోంచి దిగి, చల్లటి నేల తగలగానే నీరవుతుంది. తతామీ కొంత పీల్చుకుంటుంది, పాలిష్ చెక్క పీల్చదు. అందుకే చలికాలంలో మరీ ఎక్కువ.

ఇప్పుడు కింద సునోకో, అంటే సందులున్న చెక్క పలకల చట్రం, దాని మీద తేమ పీల్చే సిలికా జెల్ షీటు, ఆపైన 100×210 సెం.మీ. ఫుటాన్. షీటు మీది సూచిక రంగు మారితే షీటును ఎండలో వేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం పొద్దుటి పని. లేవగానే ఫుటాన్ మడిచి ఒషీరే (పరుపులు దాచే గోడ అల్మరా)లో పెడితే తడి లోపలే ఉండిపోతుంది. అడుగువైపు పైకి తిప్పి కనీసం అరగంట ఆరాకే మూడు మడతలు వేయాలి. ఎండలో వేసినప్పుడు దయచేసి కర్రతో బాదకండి, దూది పోగులు తెగిపోతాయి. దులిపి వాక్యూమ్ పెడితే చాలు. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.