తుప్పు పట్టని పాత ఎస్‌యూవీ దొరికితే దాన్ని కిందికి దించడం తప్పా?

రోడ్డుకి_దగ్గరగా (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం. కొందామనుకుని ఒక పాత ఎస్‌యూవీ చూసి వచ్చాను. రెండు తలుపుల బండి, లాడర్ ఛాసిస్ (బాడీ కింద నిచ్చెనలా ఉండే ఇనుప చట్రం), ఫోర్ వీల్ డ్రైవ్. ముందు టోర్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగ్‌లా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనక కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు). ఇంజిన్ బాగానే ఉంది కానీ నన్ను కట్టిపడేసింది బండి అడుగుభాగం. కింద పడుకుని టార్చి వేసి చూస్తే ఛాసిస్ మీద కంపెనీ వేసిన నల్లరంగు చాలాచోట్ల అలాగే ఉంది. బోల్టు తలల మూలలు కూడా ఇంకా పదునుగా ఉన్నాయి. ఈ వయసు బండిలో ఇలాంటిది చూడడం అరుదు.

కొన్నాక ముందూ వెనకా రెండేసి అంగుళాలు దించి తారు రోడ్డు మీద తిప్పుకోవాలని నా ఆలోచన. రాళ్లలో, బురదలో తిప్పే ఉద్దేశం అస్సలు లేదు. ఈ మాట అనగానే తెలిసినవాళ్లు మీద పడిపోయారు. "తుప్పు లేని బండిని చేతులారా పాడుచేస్తావా, కిందికి ఉండే బండే కావాలంటే కారు కొనుక్కో" అంటున్నారు.

నాకు కారు వద్దు. నిటారుగా ఉండే అద్దాలు, పెద్ద డిక్కీ, ఆ పెట్టె ఆకారం కావాలి. అదంతా నేలకి కాస్త దగ్గరగా కూర్చోవాలి. ఇది కొత్త పిచ్చేమీ కాదు. జీఎంసీ కంపెనీయే 1992, 93 మోడళ్లలో టైఫూన్ అనే రెండు తలుపుల ఎస్‌యూవీని తమ మామూలు ఎస్‌యూవీ జిమ్మీ కంటే కిందికి దించి అమ్మింది. 4.3 లీటర్ల వీ6 టర్బో, 280 హార్స్‌పవర్, ఆల్ వీల్ డ్రైవ్. కంపెనీ చేస్తే ముచ్చట, మనం చేస్తే పాడుచేయడమా?

దయచేసి సూటిగా చెప్పండి. తుప్పు లేని బండిని ఇలాంటి ప్రాజెక్టుకి వాడొచ్చా, లేక దాన్ని వదిలేసి తుప్పు పట్టిన బండి వెతుక్కోవాలా?

పాతబండి_ప్రేమికుడు:

నా సమాధానం వాడకూడదనే. మీ మీద కోపంతో కాదు, బాధతో చెబుతున్నాను.

లాడర్ ఛాసిస్ బండ్లని మింగేది ఎక్కువగా ఇంజిన్ కాదండీ, ఛాసిసే. ఇంజిన్ విప్పి కట్టొచ్చు, గేర్‌బాక్స్ మార్చొచ్చు. ఛాసిస్‌ని తుప్పు లోపలినుంచి తినేస్తే బండి అయిపోయినట్టే. మంచు కురిసేచోట రోడ్డు మీద చల్లే ఉప్పు, సముద్రపు గాలి, ఛాసిస్ గొట్టంలో పేరుకునే తడి మట్టి, ఈ మూడింట్లో ఏ ఒక్కటైనా చాలు. అమెరికాలో టకోమా, టండ్రా పికప్‌లతో పాటు సెకోయా ఎస్‌యూవీ ఛాసిస్‌ల తుప్పు మీద కేసు నడిచింది. 2016లో టొయోటా రాజీకి వచ్చి, బండ్లు తనిఖీ చేసి అవసరమైనవాటికి ఛాసిస్ మార్చడానికి ఒప్పుకుంది. అంత పెద్ద కంపెనీనే ఇబ్బంది పెట్టిన సమస్య ఇది.

అలాంటిది ఇన్నేళ్లు తుప్పు తప్పించుకుని వచ్చిన బండిని తీసుకెళ్లి గ్రైండర్ కింద పెడతారా? వెనక యాక్సిల్‌కి (ఇరుసుకి) చోటు కోసం ఛాసిస్‌లో అర్ధచంద్రాకారంగా కోసి వెల్డింగ్ చేసినవి నేను చాలా చూశాను. అవి మళ్లీ అసలు రూపానికి రావు. దించాలన్న కోరిక అంత గట్టిగా ఉంటే ఎలాగూ పాడైన బండిని తీసుకోండి. ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచగలిగేవాళ్ల చేతికి పోనివ్వండి.

పానా_14:

సస్పెన్షన్ పని చేసి బతికేవాడిని కాబట్టి ఒక మాట. పాతబండి గారి బాధ నాకు అర్థమైంది. కానీ "పాడైన బండి మీద చేసుకోండి" అన్న సలహా మాత్రం తప్పు, ప్రమాదం కూడా.

కమాన్ కట్ట చివర బుష్‌లోంచి (రబ్బరు తొడుగులోంచి) వెళ్లే బోల్టునే తీసుకోండి. బుష్ మధ్యలో ఇనుప గొట్టం ఉంటుంది, బోల్టు అందులోంచి దూరుతుంది. తుప్పు పట్టిన బండిలో ఈ రెండూ ఒకటైపోతాయి. నట్టు ఊడుతుంది, బోల్టు మాత్రం కదలదు. పానా వేసి బలంగా తిప్పితే గొట్టంతో సహా తిరుగుతుంది, రబ్బరు నలిగిపోతుంది తప్ప బోల్టు బయటికి రాదు. సుత్తికి లొంగదు, వేడి చేస్తే రబ్బరు మండి పొగ వస్తుంది, చివరికి రెండు పక్కలా కోసి తీయాల్సిందే. ఆ కోతలో బ్రాకెట్‌కి గాటు పడితే దాని రిపేరు వేరే. టోర్షన్ బార్ సర్దే బోల్టుదీ ఇదే కథ. తుప్పు పట్టినదాన్ని తిప్పితే మరలు ఊడి చేతికొస్తాయి, లేదా తల తెగుతుంది. ఆ బోల్టు మీద బండి ముందు ఆ పక్క బరువు మోపి ఉంటుందని మర్చిపోకండి.

ఇక పలచబడిన ఛాసిస్ మీద వెల్డింగ్ అంటే అసలు అతకడానికి ఇనుమే మిగలదు. పైకి బాగానే కనిపిస్తుంది, పక్కన చీలుతుంది.

కాబట్టి దించే పనికి తుప్పు లేని బండే కావాలి. విప్పిన ప్రతి బోల్టూ చెక్కుచెదరకుండా బయటికొస్తే, రేపు మనసు మారినప్పుడు అదే చోట మళ్లీ బిగించొచ్చు. తుప్పు బండిలో వెనక్కి వెళ్లే దారి మొదటి రోజే మూసుకుపోతుంది.

అయితే ముందు అది నిజంగా తుప్పు లేని బండేనా అన్నది తేల్చుకోండి. అడుగంతా కొత్తగా, ఒకే రకంగా నల్లగా మెరుస్తుంటే నేను సంతోషించను, అనుమానిస్తాను. అమ్మేముందు అండర్‌కోటింగ్ (అడుగున పూసే నల్లటి పూత) కొట్టించి కప్పేయడం మామూలే. మీరు చెప్పిన పాత రంగు, అక్కడక్కడా గీతలు, దుమ్ము, అది మంచి గుర్తు. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తిన్నచోట మొద్దు శబ్దం వస్తుంది. ముఖ్యంగా వెనక చక్రం పైన ఛాసిస్ వంపు తిరిగేచోట, కమాన్ బ్రాకెట్ల చుట్టూ, బాడీని ఛాసిస్‌కి బిగించే మౌంట్ల దగ్గర చూడండి. మట్టి చేరేది అక్కడే. తలుపుల కింది అంచుకీ వీల్ ఆర్చిలకీ గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి, పట్టుకోకపోతే లోపల పుట్టీ ఉన్నట్టే. బ్రేకు పైపులు, డీజిల్ ట్యాంకు పట్టీలు, కార్పెట్ కింద నేల కూడా వదలకండి.

లెక్కలమనిషి:

దించడం వల్ల ఉపయోగం ఏమీ లేదన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి ఒక చిన్న లెక్క.

బండి బోల్తా పడే స్వభావాన్ని కొలవడానికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఒక సూత్రం వాడుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగించడమే. కార్లకి ఎక్కువగా 1.30 నుంచి 1.50 దాకా వస్తుంది, ఎస్‌యూవీలు, పికప్‌ల లాంటి ఎత్తు బండ్లకి సాధారణంగా 1.00 నుంచి 1.30. చక్రాల మధ్య 1500 మిల్లీమీటర్లు, గురుత్వ కేంద్రం 700 ఎత్తులో ఉందనుకోండి, 1.07 వస్తుంది. బాడీని 50 దించితే యాక్సిల్, చక్రాలు ఉన్నచోటే ఉంటాయి కాబట్టి కేంద్రం ఒక 45 తగ్గిందనుకుందాం. అప్పుడు 1.145. కారు అయిపోలేదు, కానీ తేడా లేదనడానికి లేదు. పాతకాలపు రెండు తలుపుల ఎస్‌యూవీల్లో చాలావాటికి స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పబోతే తనే బ్రేకులు వేసే ఏర్పాటు) కూడా ఉండదు, అందుకే ఆ తేడా నాకు చిన్నదిగా అనిపించదు.

మెత్తని_ప్రయాణం:

లెక్క సరైనదే అండీ, సగమే ఉంది. కదలకుండా నిలబడ్డ బండికి వేసిన లెక్క అది. కదులుతున్న బండి సంగతి నేను చెబుతాను.

చక్రం పైకి లేవడానికి, బంప్ స్టాప్ రబ్బరు తగిలేలోపు, 90 మిల్లీమీటర్ల చోటు ఉందనుకుందాం. స్ప్రింగ్ మార్చకుండా 45 దించారు, సగం చోటు మిగిలింది. ఇప్పుడు గుంతలో పడితే స్ప్రింగ్ అదనంగా మింగగలిగే శక్తి సగం కాదు, నాలుగో వంతు. ఎందుకంటే ఆ శక్తి దూరం వర్గంతో పెరుగుతుంది. మిగిలిన దెబ్బంతా రబ్బరు మీద, అక్కడినుంచి ఛాసిస్ మీద, మీ నడుము మీద. తుప్పు లేని ఛాసిస్ అని మురిసిపోయి, దాన్నే రోజూ దెబ్బలు తినేలా చేయడం నాకు నచ్చదు.

రెండోది, మలుపులో బాడీ ఒరగడం. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే) బండ్లలో, చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌లు పైకి వాలిపోతే రోల్ సెంటర్ అనేది, అంటే బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, గురుత్వ కేంద్రం కంటే ఎక్కువగా దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి బాడీని ఒరగదీసే పట్టు పెరుగుతుంది. కిందికి దించాను కదా అని మలుపులో నమ్మకంగా తిప్పితే బండి ముందుకంటే ఎక్కువ ఒరగొచ్చు. బాడీ ఒరగకుండా ఆపే గట్టి యాంటీరోల్ బార్, సరైన షాక్ అబ్జార్బర్లు లేకుండా దించడం చూపుల కోసమే అవుతుంది.

నేను దించొద్దు అనడంలేదు. "రెండు బోల్టులు వదులు చేస్తే అయిపోతుంది" అనే ధోరణిని వ్యతిరేకిస్తున్నాను.

రోడ్డుకి_దగ్గరగా:

నిజం చెప్పాలంటే నేను ముందు ఆ రెండు బోల్టుల గురించే అడగాలనుకున్నాను. టోర్షన్ బార్ బోల్టు వదులు చేస్తే ముందు భాగం దిగుతుంది కదా, అది చాలదా? వెనక మాత్రం కమాన్ కట్ట యాక్సిల్ పైన కూర్చుని ఉంది. అక్కడ కట్టకీ యాక్సిల్‌కీ మధ్య బ్లాకు (ఇనుప దిమ్మ) పెడితే సరిపోతుందా?

పానా_14:

వెనక బ్లాకు పెట్టకండి! మీ బండిలో కట్ట పైన, యాక్సిల్ కింద. మధ్యలో బ్లాకు పెడితే బండి లేస్తుంది. బ్లాకుతో దిగేది యాక్సిల్ పైన, కట్ట కింద ఉండే బండ్లకి. ముందు అక్కడ కంపెనీ పెట్టిన బ్లాకు ఉందేమో చూడండి, చాలా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ఉంటుంది. ఉంటే దాన్ని తీసేస్తే చాలు, మీకు కావలసినంత అక్కడే దొరకొచ్చు. కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు మాత్రం పొట్టివి, కొత్తవి వేయాలి. పాతవాటికి మరలు అంత కిందిదాకా ఉండవు, ఒకసారి సాగిన యూ బోల్టుని మళ్లీ వాడకూడదు. బ్లాకు లేకపోతే వంపు తక్కువున్న వేరే కట్ట వేయించి, మీ కట్టని తీసి దాచండి. యాక్సిల్‌ని కట్ట పైకి మార్చే ఫ్లిప్ కిట్ జోలికి వెళ్లొద్దు. దానితో ఐదారు అంగుళాలు దిగుతుంది, అప్పుడు ఛాసిస్ కోయక తప్పదు. పాతబండి గారి భయం అక్కడే నిజమవుతుంది.

ముందు బోల్టు వదులు చేస్తే దిగుతుంది, నిజమే. బార్ గట్టిదనం మాత్రం మారదు, కాబట్టి మెత్తని_ప్రయాణం గారు చెప్పిన సమస్య సరిగ్గా మీకే వస్తుంది. కొంచెం లావు టోర్షన్ బార్, పొట్టి బంప్ స్టాప్, ఆ ఎత్తుకి తగిన షాక్‌లు. ఈ మూడూ కలిపి చేస్తే బాగుంటుంది, ఒక్కటి వదిలేసినా బండి ఎగిరెగిరి పడుతుంది. ముందు చక్రాలని తిప్పే ఫోర్ వీల్ డ్రైవ్ హాఫ్ షాఫ్టుల గురించి భయపడకండి. ఎత్తు పెంచినప్పుడు వాటికి వచ్చే కష్టం రెండు అంగుళాలు దించితే రాదు. వెనక యాక్సిల్‌కి ఇంజిన్ శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మాత్రం చూసుకోవాలి. ఒక వేగం దాటాక సీటు కింద సన్నగా వణుకు మొదలైతే కారణం అదే, కట్టకీ యాక్సిల్‌కీ మధ్య వాలు ముక్క పెట్టి సరిచేయొచ్చు.

ఇంకో సంగతి. కాయిల్ స్ప్రింగ్ బండ్లవాళ్లు ఎవరైనా చదువుతుంటే, గ్యాస్ మంటతో స్ప్రింగ్ కోయకండి. వేడికి ఉక్కు పదును పోతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగ్ తన చోటులోంచి జారిపోవచ్చు కూడా.

పాతబండి_ప్రేమికుడు:

తుప్పు బండిలో బోల్టులు వెనక్కి రావన్న మాట ఒప్పుకుంటున్నాను. ఆ కోణంలో నేను ఆలోచించలేదు. అయినా నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. దించిన బండి చేతులు మారుతుంది. ఆ తర్వాత కొన్నవాళ్లకి ఆ రెండు అంగుళాలు చాలక గ్రైండర్ తీయరని మీరు హామీ ఇవ్వలేరు. అందుకే ఒక్కటే అడుగుతున్నాను. తీసిన ప్రతి భాగానికీ నూనె రాసి, చీటీ కట్టి, బండితో పాటే ఉంచండి. అమ్మితే అవి కూడా ఇవ్వండి. ఛాసిస్‌కి ఒక్క కోత, ఒక్క వెల్డు, ఒక్క కొత్త చిల్లు పడకూడదు. అలా చేస్తే నేను అడ్డు చెప్పను, మెచ్చుకోను కూడా.

రోడ్డుకి_దగ్గరగా:

ఆ షరతు నాకు నూటికి నూరుపాళ్లు సమ్మతమే. బండి మళ్లీ చూడ్డానికి వెళ్తున్నాను, సుత్తీ అయస్కాంతం తీసుకుని. వెనక వంపు దగ్గర మొద్దు శబ్దం వస్తే బేరం మానేస్తాను. గట్టిగా ఉంటే తీసుకుని, కట్ట కింద బ్లాకు ఉందో లేదో చూసి మిగతాది నిర్ణయిస్తాను. ఛాసిస్ కోసే అవసరం వస్తే అక్కడే ఆగిపోతాను, ఎంత దిగితే అంతే. బీమా కంపెనీకి ముందే చెప్పాలని, మార్పులకి రూల్స్ ఒప్పుకుంటాయో లేదో కనుక్కోవాలని కూడా రాసుకున్నాను. పని మొదలుపెట్టేముందు కొలతలు ఎక్కడినుంచి తీసుకోవాలి?

పానా_14:

నేలనుంచి కొలవకండి, టైరు గాలిని బట్టి మారుతుంది. హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్యనుంచి నిటారుగా పైన ఫెండర్ అంచుదాకా, నాలుగు చక్రాలకీ, ట్యాంకులో ఉన్న డీజిల్ ఎంతో కూడా రాసి పెట్టుకోండి. ఎడమకీ కుడికీ ఇప్పుడే తేడా ఉంటే అది ముందు తేల్చాలి, దించాక దాని కారణం దొరకదు. టోర్షన్ బోల్టు బయటికి ఎన్ని మరలు కనిపిస్తున్నాయో ఫోటో తీయండి, చక్రం గాల్లో ఉన్నప్పుడే తిప్పండి. అయిపోయాక కొన్నాళ్లు నడిపి, బండి కుదురుకున్నాక అలైన్‌మెంట్ చేయించండి. క్యాంబర్ (చక్రం నిలువు వాలు) లోపలికి వాలి, టో (చక్రాలు ముందుకి చూసే దిశ) కూడా మారి ఉంటుంది. అలాగే వదిలేస్తే టైర్లు లోపలి అంచున ఊడ్చేసినట్టు అరిగిపోతాయి, బయటినుంచి చూస్తే తెలియదు కూడా. హెడ్‌లైట్లు అదే రోజు సర్దించండి.