ఐటీఐ అయిపోయింది, అనుభవం ఎక్కడ సంపాదించాలి?

మాది చీమకుర్తి దగ్గర పల్లెటూరు. మా తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసై ఏడాది దాటింది. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో అడిగితే ‘అనుభవం ఉందా’ అంటున్నారు. ఎవరూ పనిలో పెట్టుకోకపోతే అదెలా వస్తుందో వాళ్లే చెప్పాలి! పాలిషింగ్ మిషన్ ప్యానెల్ తలుపు తీసి, ఇది కాంటాక్టర్, ఇది రిలే అని చూపించేవాళ్లు ఒక్కరుంటే చాలు, వాడు ఇట్టే అల్లుకుపోతాడు.

బ్యాంకులు నడిపే ఆర్‌సెటీల్లో (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో) భోజనం, వసతితో ఉచిత శిక్షణ ఉంది గానీ, అది ఎక్కువగా సొంత షాపు పెట్టుకునేవాళ్ల కోసం. మా దగ్గర అంత పెట్టుబడి లేదు. అప్రెంటిస్‌షిప్ అయితే స్టైపెండ్ ఇస్తూ ఫ్యాక్టరీలోనే పని నేర్పుతారు, చివర్లో పరీక్ష పాసైతే జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. నాకు ఇదే నచ్చింది. నాన్నేమో ‘అది జీతం కాదుగా’ అని ఒకటే గొణుగుడు.

ఒంగోలు, నెల్లూరు, కృష్ణపట్నం వైపు అప్రెంటిస్‌లచేత టీలు మోయించకుండా నిజంగా పని నేర్పే చోటు ఏదైనా తెలుసా? ఆ సర్టిఫికెట్‌ను తర్వాత అనుభవంగా లెక్కేస్తున్నారా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి అన్నా, అక్కా. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.