ఇతరుల మనసు రుజువు కానప్పుడు నా నీతి ఎవరికి బాకీ?

ఏటిగట్టు:

మొన్న దాళ్వా (రెండో పంట) నీటి వంతుల మీద మాట్లాడుకుంటున్నప్పుడు ఒక మిత్రుడు, "వంతు కాని రాత్రి తూము ఎత్తాలా వద్దా అన్నది నాకూ నా మనస్సాక్షికీ మధ్య వ్యవహారం, మూడో మనిషికి అందులో పని లేదు" అన్నారు. చాలామంది ఆయన మీద కోప్పడ్డారు కాని, తర్కంతో ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన మాటనే నేను ఇంకాస్త గట్టిగా పెడతాను.

నాకు నేరుగా తెలిసేది నా అనుభవం ఒక్కటే. అవతలి మనిషికి నొప్పి ఉందన్నది నా ఊహ. అతని ముఖమూ, మాటా, కన్నీరూ నాకు నా అనుభవంలో భాగంగానే అందుతాయి. 1641లో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ సందేహించదగిన ప్రతిదాన్నీ సందేహించి, సందేహిస్తున్న తాను ఉన్నాననే నిశ్చయం దగ్గర ఆగాడు. అక్కడి నుంచి ప్రపంచంలోకి తిరిగి రావడానికి ఆయనకు మోసం చేయని దేవుడు కావలసి వచ్చాడు. ఆ దేవుణ్ణి ఒప్పుకోనివాడు ఆ నిశ్చయం దగ్గరే నిలబడిపోతాడు. ఆ స్థితికే సాలిప్సిజం అని పేరు. అదే నిజమైతే నీతి నా సొంత వ్యవహారం తప్ప మరేమీ కాదు. ఆ సొంత నీతిని కూడా నేను ఎంచుకోలేదు: పుట్టిన ఊరు, పెరిగిన ఇల్లు, మెదడు తీరు కలిసి నాకు కట్టబెట్టాయి. మరి నేను ఎవరికి ఏం బాకీ ఉన్నాను? తిట్లు వద్దు, వాదనతో చెప్పండి.

శివారు రైతు:

నాది కాలువ శివారు భూమి, అంటే నీరు అందరికంటే చివర అందే చోటు. నేను తత్వశాస్త్రం చదవలేదు కాబట్టి ఎరిగిన సంగతే చెబుతాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టాలో నీరు ఒకరి చేను దాటి మరొకరి చేనికి రావలసిందే. పైవాడు వంతు తప్పితే ఏమవుతుందో మీరు దగ్గరగా చూశారో లేదో నాకు తెలియదు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు నీరు అందకపోతే మడి బీటలు వారుతుంది, వెన్ను సగం బయటికి వచ్చి ఆగిపోతుంది, కోతకు వచ్చేసరికి కంకిని చేత్తో నలిపితే తాలు తప్ప గింజ ఉండదు. ఇది నా ఊహ కాదని మీకు రుజువు చేయలేకపోవచ్చు.

కాని నేను గమనించినది ఒకటుంది. వంతు తప్పేవాళ్లు గోనెసంచుల్లో మట్టి నింపి, సందుల్లో గడ్డి కుక్కి, కాలువకు అడ్డం వేస్తారు. కాలువను కాపలా కాసే లస్కరు రాకముందే, తెల్లవారేలోగా వాటిని తీసేస్తారు. ఇతరులకు మనసు ఉందో లేదో తెలియదనేవాడు వాటిని ఎందుకు తీసేస్తాడు? ఎవరి కంట పడకూడదని?

ఇంకొక మాట. తూము తలుపు తుప్పు పట్టి ఎత్తుకోకపోతే నాకు విసుగు వస్తుంది. అదే తలుపును పక్క రైతు కావాలని దించేస్తే కోపం వస్తుంది. రెండుసార్లూ ఎండేది నా చేనే, నష్టమూ అంతే. అయినా ఆ విసుగూ ఈ కోపమూ ఒకటి కావు.

కోటిపల్లి రేవు:

రైతు గారి కోపం సహజమే కాని, సహజం అయినంత మాత్రాన సబబు అయిపోదు. 1983లో మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ ప్రచురించిన ప్రయోగ ఫలితాలను ఇక్కడ చెప్పుకోవాలి. ఇష్టం వచ్చినప్పుడు చేతిని కదపమని మనుషులకు చెప్పి, వాళ్ల మెదడులోని విద్యుత్ మార్పులను కొలిచారు. కదలికకు సుమారు అర సెకను ముందే మెదడులో సన్నాహం మొదలైంది; "ఇప్పుడు కదపాలి" అన్న కోరిక తమకు తెలిసిందని వాళ్లు చెప్పిన క్షణం మాత్రం కదలికకు సెకనులో అయిదో వంతు ముందు ఉంది. అంటే మనం నిర్ణయించుకున్నామని అనుకునేలోగానే పని మొదలైపోయింది. తూము ఎత్తిన చెయ్యీ, తుప్పు పట్టిన తలుపూ కారణాల గొలుసులో ఒక్క వరసలోనే ఉన్నాయి.

గౌతమి ఒడ్డు:

ఏటిగట్టు గారూ, మీ ప్రశ్నను తేలిగ్గా తీసేయవలసిన పని లేదు, ఎందుకంటే మన దేశంలో దీని మీద వందల ఏళ్లు తీవ్రంగా వాదించుకున్నారు. బాహ్య వస్తువులు లేవు, ఉన్నది విజ్ఞానమే (అంటే మనసులోని ఎరుకే) అన్న బౌద్ధ విజ్ఞానవాదులకు ప్రతిపక్షులు వేసిన ప్రశ్నల్లో మీ ప్రశ్న ఒకటి: అంతా విజ్ఞానమే అయితే ఇతరుల మనసు మాత్రం ఎక్కడిది? ఆ పక్షం వాడైన ధర్మకీర్తి 'సంతానాంతరసిద్ధి' అని దానికోసమే ఒక గ్రంథం రాశాడు; సంతానం అంటే ఇక్కడ ఒక మనసు ప్రవాహం. అది ఇప్పుడు టిబెటన్ అనువాదంలో మిగిలి ఉంది. ఆయన వాదన స్థూలంగా ఇది. నా మాటలకూ చేతలకూ ముందు నాలో ఒక సంకల్పం ఉంటుందని నాకు తెలుసు. నా సంకల్పం ఏమీ లేకుండానే అలాంటి మాటలూ చేతలూ నాకు కనిపిస్తున్నప్పుడు, వాటికి ముందు కూడా సంకల్పం ఉండాలి; అది నాది కాదు కాబట్టి మరొకరిది. బయటి ప్రపంచాన్ని ఒప్పుకోని మనిషి కూడా పొరుగువాణ్ణి ఒప్పుకోవలసి వచ్చిందని గమనించండి.

ఈ అనుమానం, అంటే గుర్తును బట్టి ఊహించే ఈ తర్కం, నూటికి నూరు పాళ్లు నిలుస్తుందని నేను అనను. పదకొండో శతాబ్దంలో అదే సంప్రదాయానికి చెందిన రత్నకీర్తి, పరమార్థంలో ఇతర సంతానాలను స్థాపించలేమని 'సంతానాంతరదూషణ' రాశాడు. సాలిప్సిజాన్ని తర్కంతో పూర్తిగా పడగొట్టలేమనే నేనూ అనుకుంటున్నాను. కాని పడగొట్టలేకపోవడం వేరు, దాని మీద నిలబడి బతకగలగడం వేరు. విజ్ఞానవాదిని ఖండిస్తూ శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో, అన్నం తింటూ, తృప్తిని స్వయంగా అనుభవిస్తూ "నేను తినడం లేదు, నాకు తృప్తి కలగడం లేదు" అనేవాడితో అతణ్ణి పోల్చారు. తెల్లవారేలోగా బస్తాలు తీసేసేవాడు ఆ స్థితిలోనే ఉన్నాడు. తన చేతలో ఒప్పుకుంటున్న దాన్ని నోటితో కాదంటున్నాడు.

మీ వాదంలో నాకు ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి కనిపిస్తోంది. ప్రపంచమంతా నా అనుభవమే అయితే అందులో సగం నా మాట ఎందుకు వినదు? 1986 ఆగస్టులో వరద లంకలను ముంచెత్తినప్పుడు దాన్ని కోరుకున్న మనసు ఏది? "నాలోనే, నాకు తెలియని భాగం ఒకటుంది, అది నా ఇష్టానికి లోబడదు" అని మీరు చెప్పవచ్చు. అలా చెప్పిన క్షణమే, నా అధీనంలో ఉన్నదీ లేనిదీ అనే గీతను మీరు మళ్లీ గీశారు. లోబడని ఆ భాగానికి తన సొంత క్రమం ఉంది, నాకు తెలియనివి దానికి తెలుసు, అది నాతో మాట్లాడుతుంది, అడిగితే కాదంటుంది. దాన్నే మిగతా మేమంతా 'ఇతరులు' అంటున్నాం. పేరు మారింది కాని, బాకీ ఎక్కడికీ పోలేదు.

ఏటిగట్టు:

బస్తాల వాదన బలమైనదే కాని, దానికి జవాబు ఉంది. పాము కంట పడకుండా నడవాలంటే పాముకు నీతి తెలుసని నమ్మనక్కరలేదు. లస్కరు కూడా అలాంటివాడే అనుకోండి: అతని ప్రవర్తన వల్ల నాకు జరిమానా పడుతుంది, అందుకని తప్పుకుంటాను. అతని లోపల ఏముందో నాకు అనవసరం.

రెండోది, కోటిపల్లి రేవు గారి ప్రయోగాన్ని మీరు ముట్టుకోలేదు. అదీ కాక గీతలోనే, పద్ధెనిమిదో అధ్యాయంలో, ఈశ్వరుడు సర్వభూతాలనూ యంత్రం మీద ఎక్కించి తిప్పుతున్నాడని ఉంది. మూడో అధ్యాయంలో భూతాలు తమ ప్రకృతినే అనుసరిస్తాయి, నిగ్రహం ఏం చేస్తుందని ఉంది. యంత్రం మీద తిరిగేవాడికి బాధ్యత ఎలా అంటగడతారు?

శివారు రైతు:

పాము కంట పడకుండా నడిచేవాడు, పట్టుబడితే పాముకు సంజాయిషీ చెప్పడు. మా దగ్గర పట్టుబడినవాడు, జరిమానా కట్టేశాక కూడా, "మా పిల్లవాడు తెలియక ఎత్తాడు, నేను ఊళ్లో లేను" అంటూ ఇంటింటికీ తిరిగి చెబుతాడు. అతనికి కావలసింది డబ్బు మిగలడం కాదు, నేను అతణ్ణి దొంగ అనుకోకపోవడం. నా లోపల ఉన్న అభిప్రాయం కోసం తిరుగుతున్నాడు. లోపల ఏముందో అనవసరమనేవాడు చేసే పని కాదిది.

గౌతమి ఒడ్డు:

రైతు గారు చెప్పిన విసుగు, కోపాల తేడా మీదే 1962లో పీటర్ స్ట్రాసన్ అనే ఇంగ్లండు తత్వవేత్త స్వేచ్ఛ గురించిన తన వాదాన్ని నిలబెట్టాడు. ఆగ్రహం, కృతజ్ఞత, క్షమ అనేవి మనుషులతో మనిషిగా వ్యవహరించడంలోనే ఉన్నాయనీ, నియతివాదం (జరిగేదంతా ముందటి కారణాల వల్ల తప్పనిసరిగా జరుగుతుందన్న వాదం) సిద్ధాంతంగా నిజమని తేలినా వాటిని మొత్తంగా వదిలేయడం మనకు సాధ్యం కాదనీ ఆయన అన్నాడు. కోటిపల్లి రేవు గారు అడిగిన "సబబా?" అన్న ప్రశ్న ఒక్కొక్క కోపానికి వర్తిస్తుంది, కోపమనే సంబంధానికే వర్తించదు.

ఇక లిబెట్ ప్రయోగం. సన్నాహం మొదలైనా, చివరి క్షణంలో ఆ కదలికను ఆపే శక్తి మనిషికి ఉందని లిబెట్ స్వయంగా నమ్మాడు. 2012లో ఆరన్ షుర్గర్ అనే మెదడు పరిశోధకుడి బృందం, ఆ సన్నాహం ముందుగా జరిగిన నిర్ణయం కాదనీ, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక హద్దు దాటడంగా దాన్ని వివరించవచ్చనీ చూపించింది. ఈ వివాదం ఇంకా ముగియలేదు. అయితే అంతకంటే ముఖ్యమైన తేడా ఒకటుంది. ఏ కారణమూ లేకుండా వేలు కదపడం వేరు, సాయంత్రం నుంచి మంచం మీద దొర్లుతూ, శివారు చేలను తలుచుకుని, అప్పును తలుచుకుని, లేచి పార పట్టుకోవడమా మానడమా అని తేల్చుకోవడం వేరు. మొదటిదాన్ని కొలిచి రెండోదాని మీద తీర్పు చెప్పకూడదు. కారణాలు లేకపోవడమే స్వేచ్ఛ అని నేను ఎన్నడూ అనుకోలేదు. ఎదుటివాడు చెప్పిన కారణాన్ని వినగలగడం, విన్నాక దాని బరువును బట్టి మారగలగడం నా దృష్టిలో స్వేచ్ఛ. తుప్పు పట్టిన తలుపుకు ఎంత చెప్పినా అది మారదు.

గీతలో యంత్రం మాట ఉన్న శ్లోకం తర్వాత రెండో శ్లోకమే "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు" అంటుంది. పూర్తిగా విచారించి నీ ఇష్టప్రకారం చెయ్యమని యంత్రానికి ఎవరూ చెప్పరు. అదే అధ్యాయంలో కర్మకు చెప్పిన అయిదు హేతువుల్లో దైవంతో పాటు కర్త కూడా ఉన్నాడు. ఈ రెండూ ఎలా పొసగుతాయన్న మీద భాష్యకారులకు భేదం ఉంది కాని, ఒక్క శ్లోకాన్ని పట్టుకుని బాధ్యతను కొట్టిపారేయడం కుదరదు.

మీ వాదనలోని మెట్లలో మొదటిదీ (ఉన్నది నా అనుభవమే) చివరిదీ (నా నీతిని ఊరూ ఇల్లూ కట్టబెట్టాయి) ఒకదాన్నొకటి నిలవనివ్వవు, ఈ సంగతి మీరు ఆలోచించాలి. ఊరూ, ఇల్లూ, మెదడూ నన్ను తయారు చేశాయని అన్నారు. అవి నిజంగా ఉండి, నాకంటే ముందు ఉంటేనే నన్ను తయారు చేయగలవు. ఉన్నది నేనొక్కణ్ణే అయితే నన్ను బలవంతపెట్టే ఊరు లేదు, సాకు కూడా లేదు.

ఏటిగట్టు:

ఆ వైరుధ్యానికి నా దగ్గర ఇప్పుడు సమాధానం లేదు. అయితే పెంపకాన్ని బట్టీ పరిస్థితిని బట్టీ బాధ్యత తగ్గుతుందా లేదా అన్న ప్రశ్న మిగిలే ఉంది. కారణం విని మారే శక్తి అందరికీ ఒకే పాళ్లలో లేదు కదా?

శివారు రైతు:

లేదు, అది నేను ఒప్పుకుంటాను. పైభూమిలో అప్పు చేసి కౌలు కట్టిన మనిషి, ఈ పంట పోతే పిల్ల చదువు ఆగిపోతుందన్న భయంతో ఒక రాత్రి తూము ఎత్తితే, సొంత భూమీ చేతిలో డబ్బూ ఉన్నవాడు ఎత్తిన దానితో నేను సమానం చేయను. 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు సార్వా (మొదటి పంట) వేయడమే మానేసి క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు మనిషి మీద ఎంత ఒత్తిడి ఉంటుందో అందరం చూశాం. అలాంటివాడి మీద నా కోపం తగ్గుతుంది, జరిమానా కూడా తగ్గించమని మా రైతుల నీటి సంఘంలో నేనే అడుగుతాను. కాని అతను ఎత్తుకున్న ఆ రాత్రి నీరు నా చేనికి రావలసినదే కాబట్టి, అతని తర్వాతి వంతులో నుంచి అంత నీరూ శివారుకు వదలాలి. ఈ రెండో విషయంలో అతని పరిస్థితి ఎంత కష్టమైనదైనా నేను తగ్గను. గౌతమి ఒడ్డు మాస్టారు దీనికి ఒప్పుకుంటారో లేదో చెప్పాలి.

గౌతమి ఒడ్డు:

నీటి విషయంలో ఒప్పుకుంటాను. జరిమానా విషయంలో ఒప్పుకోను. అందరికీ ఒకే జరిమానా ఉంచి, కౌలుదారుకు గడువు ఇవ్వండి. ఎవరి మనసు ఎంత ఒత్తిడిలో ఉందో తూచే అధికారం సంఘానికి ఇస్తే, అది చివరికి పలుకుబడి ఉన్నవాడికే ఉపయోగపడుతుంది.